పాస్‌వర్డా, కీనా, వీపీఎన్నా: అడ్తి దుకాణం సర్వర్‌కు ఏది మేలు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణం అనుకోండి. పత్తి, మిర్చి లెక్కలన్నీ మూలనున్న లైనక్స్ సర్వర్‌లో ఉంటాయి. దాన్ని చూసుకునే పిల్లగాడు హన్మకొండలో ఇంటి నుంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌తో (దూరం నుంచి సర్వర్‌లోకి భద్రంగా వెళ్లే సాఫ్ట్‌వేర్) లోపలికి వెళ్తాడు. లాగిన్ ఎలా పెట్టుకోవాలి?

పాస్‌వర్డ్‌తో సుఖమే. "తమ్మీ, పాస్‌వర్డ్ ఏంది?" అని సేటు అడిగితే ఫోన్లోనే చెప్పేయొచ్చు. గండమూ అక్కడే. ఆరుసార్లు తప్పు కొడితే కనెక్షన్ తెగుతుందిలే అన్న ధీమా 2015లో చెదిరింది. కీబోర్డ్ ఇంటరాక్టివ్ పద్ధతిలో (సర్వర్ ప్రశ్న అడిగితే టైప్ చేసి బదులిచ్చేది) ఒకే డివైస్, అంటే ప్రశ్న అడిగే మార్గం, పేరును వేలసార్లు వరసగా పంపితే, రెండు నిమిషాల గడువు తీరేదాకా ఒకే కనెక్షన్‌లో పాస్‌వర్డ్‌లు కొడుతూనే ఉండొచ్చని తేలింది. 7.0 వెర్షన్‌లో సరిచేశారు.

కీ, అంటే మన కంప్యూటర్లో దాచుకునే రహస్య ఫైల్, పెట్టుకుంటే ఊహించి కొట్టే పనే ఉండదు. నా ఓటు దీనికే. కాకపోతే చాలామంది సగం పనే చేస్తారు. సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ అథెంటికేషన్‌కు 'నో' పెడతారు, కీబోర్డ్ ఇంటరాక్టివ్‌ను మరిచిపోతారు. పామ్ (లైనక్స్‌లో లాగిన్‌లను సరిచూసే వ్యవస్థ) ఆన్‌లో ఉంటే ఆ దారిన పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. క్లౌడ్‌లో తీసుకున్న ఉబుంటు అయితే ఇంకో తిరకాసు: పక్క ఫోల్డర్‌లోని చిన్న సెట్టింగ్స్ ఫైల్‌లో 'యస్' ఉండొచ్చు, ముందు చదివిన మాటే చెల్లుతుంది. ఎస్‌ఎస్‌హెచ్‌డీకి (సర్వర్‌లో నడిచే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ భాగం) పెద్ద అక్షరం 'టీ' ఆప్షన్ ఇచ్చి, నిజంగా అమల్లో ఉన్నదేమిటో చూడండి. పాత విండో మూయకుండా కొత్త విండోలో లాగిన్ అయి చూడండి, లేదంటే మార్కెట్ దాకా బండి తీయాల్సిందే.

పోర్ట్ నంబర్ (సర్వర్‌లోకి వచ్చే ద్వారం నంబర్) మారిస్తే లాగ్‌లో, అంటే ఎవరెవరు తలుపు తట్టారో రాసే చిట్టాలో, చెత్త తగ్గుతుంది, అంతే.

ఇక కీ కూడా కాపాడలేని తప్పులున్నాయి. 2018లో లిబ్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో (ఇది ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ కాదు, వేరే లైబ్రరీ) బయటపడింది చూడండి: 'లాగిన్ సఫలం' అని సర్వర్ చెప్పాల్సిన మాటను క్లయింటే పంపితే, సర్వర్ నమ్మి లోపలికి రానిచ్చేది! 2024లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ వంతు. 2006లో మూసిన లోపం 8.5 వెర్షన్‌తో తిరిగొచ్చిందని క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. లాగిన్ కాకముందే రూట్ అధికారం (సర్వర్ మీద పూర్తి పెత్తనం) చిక్కే ప్రమాదం అది. 9.8లో సరిచేశారు.

ఇలాంటివాటికి వైర్‌గార్డ్ వంటి వీపీఎన్ (ఇంటర్నెట్ మీద వేసుకునే సొంత రహస్య దారి) పనికొస్తుంది. ఎస్‌ఎస్‌హెచ్ పోర్ట్ బయటికి కనిపించదు, కీ లేనివాడికి వైర్‌గార్డ్ బదులే ఇవ్వదు. చూసుకోవాల్సిన సాఫ్ట్‌వేర్ మాత్రం ఇంకొకటి పెరుగుతుంది. దుకాణం ఒక్కటే అయితే కీ, ఆటోమేటిక్ అప్‌డేట్లు చాలు. మూడు నాలుగు దుకాణాల సర్వర్లు ఒకరి చేతిలోనే ఉంటే వీపీఎన్ తప్పదు.