పేరు తెలియని గింజ: చూసి పోల్చాలా, ఆప్‌ని అడగాలా, నాటి చూడాలా?

మిద్దెతోటలతో పాటు విత్తనాల పంపకాలూ పెరిగాయి. ఎవరో గుప్పెడు గింజలు పొట్లం కట్టి ఇస్తారు, పేరు కూడా చెబుతారు. ఇంటికొచ్చేసరికి ఆ పేరు గుర్తుండదు. ఊళ్లో పాత డబ్బాల్లో బూడిద కలిపి దాచిన గింజల సంగతీ అంతే, దాచినవాళ్లకే ఏది ఏదో తెలియదు. అలాంటప్పుడు తేల్చుకోవాల్సినవి రెండు: ఇది ఏ మొక్క, దీన్ని తినొచ్చా? చాలామంది ఈ రెండిటినీ కలిపేస్తారు. నేను మాత్రం విడివిడిగానే చూస్తాను, ఎందుకంటే మొదటిదానికి పనికొచ్చే దారి రెండోదానికి పనికిరాదు.

అన్నిటికన్నా ముందు పక్కన పెట్టేయాల్సింది కొరికి చూడటం. నేపాళం గింజలో పప్పు రుచిగానే ఉంటుంది, అందుకే పిల్లలు ఏరుకుని తిని వాంతులతో ఆసుపత్రి పాలవుతుంటారు. గురివింద గింజ పైతోలు చాలా గట్టిది. నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది, కొరికితేనే ప్రాణం మీదికొస్తుంది. అంటే మనం చేసే పరీక్షే ప్రమాదం. పక్షులు తింటున్నాయి కదా అన్న ధీమా కూడా వద్దు. ముష్టి పండు గుజ్జును కోతులు, పక్షులు తింటాయి, లోపలి గింజలో ఉండేదేమో స్ట్రిక్నిన్ అనే ప్రాణాంతక విషం. ఉడికిస్తే విషం పోతుందన్నదీ అన్నిటికీ వర్తించదు, ఉమ్మెత్త విషం వంటతో పోదు. గింజలకు గులాబీ రంగో ఆకుపచ్చ రంగో పూసి ఉంటే అది విత్తనశుద్ధి మందు కావచ్చు. అవి నిజంగా శనగలే అయినా తినకూడదు.

ఇక గింజను చూసి పోల్చడం. ఇందులో ఖర్చు లేదు, ఎదురుచూపు లేదు. గురివింద ఎరుపు మీద నలుపు మచ్చ సామెతకెక్కింది కాబట్టి అందరికీ తెలుసు. ఆముదం గింజ మీది చారలూ కొసన చిన్న బుడిపే ఒకసారి చూస్తే మర్చిపోలేం. చిక్కు వచ్చేది చిన్న గింజలతోనే.

ఉమ్మెత్త గింజనీ మిరప గింజనీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ బల్లపరుపుగా, చెవి ఆకారంలో ఉంటాయి. మిరప గింజ పలచగా, లేత పసుపుగా, నున్నగా ఉంటుంది. ఉమ్మెత్తది కాస్త పెద్దది, మందం ఎక్కువ, రంగు గోధుమ. భూతద్దం పెడితే పైన సన్నని గుంటలు, అంచు వెంట జంట గట్టు కనిపిస్తాయి. బ్లేడుతో అంచు వెంబడి చీలిస్తే మిరప గింజలో పిండం (మొలకయ్యే భాగం) 6 అంకెలా లోపలికి చుట్టుకుని ఉంటుంది. ఉమ్మెత్తలో గింజ కాయకు అతుక్కున్న చోట పిండం కొస బయటికి వంగి ఉంటుంది. ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠాల్లో ఈ తేడా తప్పకుండా ఉంటుంది. ప్రయాణికులకు ఉమ్మెత్త పెట్టి దోచుకోవడం మన దేశంలో పాత నేరం మరి. ఆవాలు, బలురక్కసి అనే ముళ్ల కలుపు మొక్క గింజల మధ్య కూడా ఇలాంటి పోలికే ఉంది: ఆవగింజ నున్నన, బలురక్కసి గింజ మీద వల అల్లినట్టు గరుకు. ఆ గింజల నూనె ఆవనూనెలో కలిసే 1998లో ఢిల్లీలో జనం ఒళ్లు వాచి మంచాన పడ్డారు, చాలామంది చనిపోయారు.

కాబట్టి ‘ఇది వద్దు’ అని చెప్పించుకోవడానికి గింజ మంచి సాక్షి. ‘ఇది తినొచ్చు’ అని చెప్పించుకోవడానికి మాత్రం చాలదు. ఒక్క చిక్కుడులోనే తెల్లవి, నల్లవి, గోధుమరంగువి ఉంటాయి. వేర్వేరు మొక్కల గింజలేమో కవల పిల్లల్లా ఉంటాయి.

ఫోటో చూసి మొక్క పేరు చెప్పే ఫోన్ ఆప్‌లు ఇక్కడే తడబడతాయి. గింజ ఫోటోకు అవి చెప్పే పేరు ఊహకు మించి ఉండదు. ఆకు, పువ్వు, కాయ మూడిటి ఫోటోలూ పెడితే బాగానే పనిచేస్తాయి, కనీసం ఏ కుటుంబమో తేలుతుంది. కానీ కుటుంబం తేలినంత మాత్రాన తినొచ్చని కాదు. వంకాయ, టమాటా, మిరప, ఉమ్మెత్త అన్నీ ఒకే కుటుంబం. ఆప్ చెప్పిన పేరును వెతుక్కోవడానికి వాడండి, దాన్ని నమ్మి కూర మాత్రం వండకండి.

పేరు తేల్చడానికి నా ఓటు నాటి చూడటానికే. విడి కుండీలో, పిల్లలకూ మేకలకూ అందని చోట రెండు మూడు గింజలు వేసి పూత వచ్చేదాకా ఆగాలి. మొలక దశలో నారుమడిలో పడ్డ ఉమ్మెత్తను వంగ అనుకుని నీళ్లు పోస్తాం, తెల్లని బూర లాంటి పువ్వో ముళ్లకాయో వచ్చాక ఎవరూ పొరపడరు. కూరగాయలు, ఆకుకూరలు, కలుపు మొక్కలు చాలావరకు రెండు మూడు నెలల్లో పూస్తాయి. చెట్ల గింజలకు ఈ పద్ధతి దండగ, ఏళ్లు పడుతుంది. వయ్యారిభామ లాంటిది బయటపడితే విత్తనం రాలకముందే పీకేయాలి, లేకపోతే మిద్దె అంతా అదే.

పేరు తేలింది. తినొచ్చా? ఇది చెప్పాల్సింది ఆ మొక్కను కోసి వండుకునే మనుషులే. పొలం గట్ల మీద ఆకుకూర ఏరుకునే పెద్దమ్మకు తెలిసింది ఏ ఆప్‌కీ తెలియదు. అయితే ఫోన్‌లో పేరు చెప్పి అడిగితే లాభం లేదు, మొక్కను చేతికివ్వాలి. పేర్లు జిల్లా దాటితే మారిపోతాయి.

పేరే కాదు, రూపం కూడా మోసం చేస్తుంది. తగిరిసనే తీసుకోండి. వానాకాలంలో లేత ఆకు కోసి పప్పులో వేస్తారు, వేపుడూ చేస్తారు. దాని పక్కనే కసింద మొలుస్తుంది. రెండిటికీ పసుపు పూలే. తగిరిసకు రెమ్మకు మూడు జతల ఆకులు, కొసలు గుండ్రం. కసిందకు నాలుగైదు జతలు, కొసలు మొనదేలి ఉంటాయి. 2016లో మన సరిహద్దుకు ఆనుకుని ఉన్న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లాలో పసిపిల్లలు వరసగా చనిపోయారు. మొదట అంతా జపనీస్ మెదడువాపు అనుకున్నారు. తర్వాత నిపుణుల బృందం కసింద గింజలు తినడమే చాలా మరణాలకు కారణమని తేల్చింది.

అడిగేటప్పుడు ‘తింటారా’ అని ఊరుకోకుండా ఏ భాగం, ఏ దశలో, ఎలా వండి అని కూడా అడగాలి. చమ్మకాయ లేతగా ఉంటే కూర. ముదిరిన గింజలనైతే నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి.

పేరు సరిగ్గా తేలినా గండం తప్పనిది ఒకటుంది, సొరకాయ. ఒకే గింజల పొట్లంలోంచి ఒక తీగకు చేదు కాయలు రావచ్చు. ఆ చేదు వంటతో పోదు, రక్తపు వాంతుల దాకా తీసుకెళ్లగలదు. చేదు సొరకాయ రసం తాగొద్దని 2011లో ఐసీఎంఆర్ నిపుణుల కమిటీ చెప్పింది కూడా. అందుకే ఇక్కడ మాత్రం నాలుకకు పనుంది: సొర అని తేలాక, కోసిన కాయలోంచి చిన్న ముక్క నాలుకకు తాకించి ఉమ్మేయాలి. చేదు తగిలితే ఆ కాయ కూరకు పనికిరాదు.

నాటొద్దనేది ఒక్క సందర్భంలోనే, అడగకుండా విదేశాల నుంచి పోస్టులో వచ్చిన గింజలు. 2020లో అమెరికాలో ఎంతోమందికి చైనా ముద్రతో ఇలాంటి ప్యాకెట్లు వచ్చాయి, అక్కడి వ్యవసాయ శాఖ నాటొద్దని చెప్పింది. ఆ ఆగస్టులో మన కేంద్ర వ్యవసాయ శాఖ కూడా హెచ్చరించింది. కొత్త కలుపో, కొత్త తెగులో వెంట రావచ్చు. అమెరికా నుంచి చుట్టాలు ప్రేమగా తెచ్చే విత్తనాలకు కూడా క్వారంటైన్ నిబంధనలు ఉన్నాయి. ఊహించని ప్యాకెట్ వస్తే విప్పకుండా దగ్గర్లోని వ్యవసాయ అధికారికి ఇచ్చేయండి. కంపోస్టు గుంతలో మాత్రం పారేయకండి, అక్కడే మొలుస్తాయి.