2027 సంపూర్ణ సూర్యగ్రహణం: లక్సరా, దక్షిణ స్పెయినా, లేక ఇంకో ఏడాది ఆగి ఆస్ట్రేలియానా?

2027 ఆగస్టు 2, సోమవారం. ఆ రోజు చంద్రుడి నీడ అట్లాంటిక్ సముద్రం మీద మొదలై, జిబ్రాల్టర్ జలసంధి దాటి, ఉత్తర ఆఫ్రికా పొడవునా పరుగెత్తి, ఈజిప్టు, సౌదీ అరేబియా, యెమెన్, సోమాలియాల మీదుగా వెళ్లి హిందూ మహాసముద్రంలో ముగుస్తుంది. ఈజిప్టులో లక్సర్ దగ్గర సంపూర్ణ దశ గరిష్ఠంగా 6 నిమిషాల 23 సెకన్లు ఉంటుంది. ఇంతకంటే పొడవైనది కావాలంటే 2114 దాకా ఆగాలి. ఇక ఏడాది తిరగకముందే, 2028 జులై 22న, ఇంకో సంపూర్ణ గ్రహణం ఆస్ట్రేలియాను వాయవ్యం నుంచి ఆగ్నేయానికి అడ్డంగా కోసుకుంటూ సరిగ్గా సిడ్నీ నగరం మీదుగా పోతుంది.

రెండూ మంచివే. కానీ చాలామందికి సెలవు, డబ్బు, ఇంట్లో ఒప్పందం, ఇవన్నీ కలిసొచ్చేది ఒక్కసారే. ఆ ఒక్కసారికి ఎక్కడికి వెళ్లాలి? ఇలాంటి ప్రయాణం గురించి అడిగేవాళ్లు ముందుగా చూసేది నిడివి. ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అని. నా లెక్కలో అది మూడో ప్రశ్న. మొదటిది, ఆ గంటకు ఆకాశం తేటగా ఉంటుందా? రెండోది, ఉండకపోతే అప్పటికప్పుడు ఇంకో చోటికి కదలగలమా? ఈ రెండూ తేలాకే నిడివి.

అసలు ఎందుకు అంత దూరం వెళ్లాలి, ఊళ్లో 90 శాతమో 99 శాతమో కనిపిస్తే చాలదా అనుకునేవాళ్లకు ఒక్క మాట. చాలదు. సూర్యుడి చుట్టూ ఉండే కరోనా వెలుగు సూర్యబింబం వెలుగులో దాదాపు పది లక్షలో వంతు మాత్రమే. బింబంలో ఒక్క శాతం మిగిలినా ఆ కాంతి ముందు కరోనా కనపడదు, పగలు పగలుగానే ఉంటుంది. 2027లో స్పెయిన్‌లోని సెవిల్, గ్రనాడా నగరాలు నీడ అంచుకు కాస్త అవతలే పడుతున్నాయి. అక్కడ గది తీసుకుని "దాదాపు పూర్తిగానే కదా" అనుకుంటే అంత దూరం వెళ్లి అసలైనది చూడకుండా వచ్చినట్టే. కైరో కూడా నీడ బయటే. గది బుక్ చేసే ముందు ఆ ఊరు నీడ దారి లోపల ఉందో లేదో మ్యాప్‌లో స్వయంగా చూసుకోండి, ఎవరి మాటా నమ్మొద్దు.

లక్సర్

ఆకాశం విషయంలో దీనికి పోటీ లేదు. ఆగస్టులో ఎగువ ఈజిప్టులో, అంటే దేశం దక్షిణ భాగంలో, మేఘం కనబడటమే అరుదు. వానల సంగతి సరేసరి. ఇసుక దుమారం భయం చాలామందికి ఉంటుంది గానీ, అక్కడ ఖమ్‌సీన్ అనే దుమ్ముగాలులు ముఖ్యంగా వసంతకాలంలో వీస్తాయి, నడి వేసవిలో కాదు. నిడివి లక్సర్ పట్టణంలోనే సుమారు 6 నిమిషాల 20 సెకన్లు. నీడ దారి మధ్యరేఖ పట్టణానికి దగ్గరగానే వెళ్తుంది కాబట్టి ఇంకో మూడు సెకన్ల కోసం ఎడారిలోకి పరుగెత్తాల్సిన అవసరం లేదు.

అంత పొడవు ఎందుకొచ్చిందో తెలుసుకుంటే ఆ రోజు విలువ ఇంకా బాగా తెలుస్తుంది. జులై మొదట్లో భూమి సూర్యుడికి అత్యంత దూరంలో ఉంటుంది, ఆగస్టు 2కి కూడా ఆ దూరం పెద్దగా తగ్గదు. అందుకని సూర్యబింబం కాస్త చిన్నగా కనిపిస్తుంది. అదే సమయంలో చంద్రుడు భూమికి బాగా దగ్గరగా ఉంటాడు, అంటే పెద్దగా కనిపిస్తాడు. దీనికి తోడు నీడ ఉష్ణమండలానికి దగ్గరగా నడినెత్తి నుంచి పడుతుంది. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం అక్కడ ఎక్కువ. నేల కూడా నీడ వెళ్లే వైపుకే కదులుతుంది కాబట్టి నీడ మనల్ని దాటి పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. ఈ మూడూ ఒకే రోజు కలవడం అరుదు.

ఇక కష్టాలు. మొదటిది ఎండ. ఆగస్టు మధ్యాహ్నం అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. పాక్షిక దశ సంపూర్ణానికి ముందు గంటకు పైగా, తర్వాత మళ్లీ అంతే సాగుతుంది. ఆ మొదటి అరగంట ఎండ నిజంగా నెత్తి మాడుస్తుంది. సగానికి పైగా మూసుకున్నాక వేడి తగ్గడం ఒంటికే తెలుస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు, పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే నీడ, నీళ్లు, దగ్గర్లో చల్లటి గది తప్పనిసరి. ఖాళీ ఎడారిలో బస్సు దింపేసే టూర్ కంటే, డాబా ఉన్న హోటల్ లేదా నైలు నది మీద పడవ డెక్ ఎంచుకోవడం మేలు. అలాంటివి దొరికితే మాత్రమే లక్సర్ పెద్దవాళ్లకు పనికొస్తుంది.

రెండోది, సూర్యుడు దాదాపు నడినెత్తిన, 82 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఆరు నిమిషాలు మెడ వెనక్కి వంచి నిలబడలేం. కింద చాప పరుచుకుని వెల్లకిలా పడుకోవాల్సిందే. లక్సర్‌లోని కర్నాక్ ఆలయ స్తంభాల వెనక నల్లటి సూర్యుడిని ఫొటో తీద్దామనే ఆశ కూడా వదులుకోవాలి. స్తంభం మొదట్లో పడుకుని నిటారుగా పైకి తీస్తే తప్ప రెండూ ఒకే చట్రంలోకి రావు.

మూడోది రద్దీ. లక్సర్‌కు విమానాశ్రయం ఒకటే, గదులు పరిమితం, ప్రపంచంలో గ్రహణాల వెంట తిరిగేవాళ్లంతా ఆ చోటు మీద కన్నేసి చాలా కాలమైంది. ఇక్కడ సొంతంగా వెళ్లడం కన్నా అనుభవమున్న టూర్ వాళ్లతో వెళ్లడమే నయం. ఆకాశం కోసం చోటు మారాల్సిన పని దాదాపు ఉండదు కాబట్టి, మన చేతిలో బండి లేకపోవడం ఇక్కడ పెద్ద లోటు కాదు.

దక్షిణ స్పెయిన్

ఇక్కడ అన్నీ తిరగబడతాయి. సంపూర్ణ దశ ఉదయం పదకొండు లోపే అయిపోతుంది, సూర్యుడు 40 డిగ్రీలకు అటూ ఇటూగా, కుర్చీలో కూర్చుని హాయిగా చూసే ఎత్తులో ఉంటాడు. ఎండ ఇంకా ముదరదు. రోడ్లు, ఆసుపత్రులు, గదులు, తిండి దేనికీ టెన్షన్ లేదు. పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇంతకంటే సులువైన చోటు నాకు కనిపించట్లేదు. వీసా మాత్రం మీ పాస్‌పోర్ట్‌ను బట్టి ఉంటుంది. షెంగెన్ వీసా కావాల్సినవాళ్లు వేసవి రద్దీలో అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమని గుర్తుంచుకుని ముందే మొదలుపెట్టాలి.

నిడివి మాత్రం ఊరూరికీ మారిపోతుంది, పొరపాట్లు జరిగేది ఇక్కడే. దక్షిణ కొసన ఉన్న తరీఫాలో సుమారు 4 నిమిషాల 40 సెకన్లు. కాడిజ్‌లో 3 నిమిషాలకు కొంచెం తక్కువ. పెద్ద విమానాశ్రయం, బోలెడు హోటళ్లు ఉన్న మాలగాలో 2 నిమిషాలు కూడా నిండవు. నీడ గుండ్రంగా ఉంటుంది కాబట్టి మధ్యరేఖ నుంచి అంచు వైపు సగం దూరం జరిగినా పోయేది సుమారు 13 శాతమే, కానీ అంచుకు చేరువయ్యేకొద్దీ నిమిషాలు చప్పున పడిపోతాయి. మాలగా ఆ అంచు దగ్గరుంది. అక్కడ దిగండి, కానీ గ్రహణం రోజుకు అక్కడే ఉండిపోకండి.

ఆకాశం ఎలా ఉంటుంది? ఆగస్టులో ఈ ఆండలూసియా ప్రాంతమంతా ఎండే. చిక్కు జలసంధి దగ్గర వస్తుంది. తూర్పు నుంచి వీచే లెవాంతే గాలి మధ్యధరా తేమను మోసుకొచ్చి జిబ్రాల్టర్ కొండ మీద మబ్బు కప్పేస్తుంది. ఆ మబ్బు ఒక్కోసారి రోజంతా అక్కడే వేలాడుతుంది, పదిహేను ఇరవై మైళ్ల అవతల ఆకాశం నీలంగా ఉన్నా సరే. పైగా తరీఫా గాలికి పేరుపడ్డ ఊరు. లెవాంతే జోరుగా ఉన్న రోజు బీచ్‌లో ఇసుక ముఖానికి కొడుతుంది, ట్రైపాడ్ నిలవదు. ఇలాంటప్పుడు కాడిజ్ వైపు అట్లాంటిక్ తీరం సాధారణంగా తేటగా ఉంటుంది. అందుకని స్పెయిన్ ఎంచుకుంటే కారు ఉండాలి, ముందు రోజు సాయంత్రమే గాలి ఎటు వీస్తుందో చూసి నిర్ణయం తీసుకోవాలి. ఆ రోజు పొద్దున్నే బయల్దేరదాం అంటే కుదరదు. వెహేర్ నుంచి తరీఫా మీదుగా ఆల్హెసిరాస్‌కు వెళ్లే ఎన్-340 రోడ్డులో అటొకటి ఇటొకటే వరసలు. ఆగస్టు బీచ్ జనానికి గ్రహణం జనం కూడా తోడైతే బండి కదలదు.

జలసంధికి అవతల మొరాకోలోని టాంజియర్‌లో ఇంకో పది సెకన్లు ఎక్కువే ఉంటుంది, తరీఫా నుంచి ఫెర్రీలో గంట ప్రయాణం. ఆ ఊరు చూడాలని ఉంటే వెళ్లండి, పది సెకన్ల కోసమైతే అక్కర్లేదు.

ఆరు నిమిషాలకూ నాలుగున్నరకూ తేడా ఎంత?

అనుకున్నంత లేదు. సంపూర్ణానికి ముందు చివరి నిమిషంలో ఏం జరుగుతుందో చూడండి. వెలుగు పసుపుకు తిరగదు, వెండిలా పాలిపోతుంది. మన చేతి నీడ అంచులు ఒక దిక్కున కత్తితో కోసినట్టు పదునుగా కనిపిస్తాయి. తెల్లటి గుడ్డ పరిస్తే దాని మీద సన్నటి నీడ చారలు పాకడం కనిపించవచ్చు. పడమటి దిక్కు ముదురు రంగుకు తిరుగుతుంది. సూర్యుడి చివరి అంచు పూసలుగా విడిపోయి, ఒక్క పూస మిగిలి వజ్రపుటుంగరంలా మెరిసి ఆరిపోతుంది. అప్పుడే, ఆ తర్వాతే, గ్రహణం కళ్లద్దాలు తీయాలి. కరోనా కనిపించిన మొదటి అరనిమిషం మనిషి తేరుకోవడానికే పోతుంది. ఆ తర్వాత బైనాక్యులర్‌లో అంచున గులాబీ రంగు సౌరజ్వాలలు చూడాలి, ఒకసారి కళ్లు దించి దిగంతం చుట్టూ అన్ని వైపులా ఒకేసారి వచ్చిన సంధ్య రంగు చూడాలి, దగ్గర్లో గ్రహాలు వెతకాలి, పక్కనున్నవాళ్ల ముఖాలు చూడాలి. రెండు నిమిషాల్లో ఇవన్నీ కుదరవు. నాలుగున్నరలో కుదురుతాయి. ఆరులో ఇవన్నీ అయ్యాక ఏమీ చేయకుండా ఊరికే చూస్తూ ఉండే సమయం మిగులుతుంది. మాలగాకూ తరీఫాకూ ఉన్న తేడా పెద్దది. తరీఫాకూ లక్సర్‌కూ ఉన్నది అంతకంటే చిన్నది. లక్సర్‌కు నేను మొగ్గు చూపేది ఆ అదనపు నిమిషంన్నర కోసం కాదు, ఆ మబ్బులేని ఆకాశం కోసం.

మొదటిసారి వెళ్లేవాళ్లు కెమెరాను పక్కన పెట్టేయడం మంచిది. ఫొటోలు వేలమంది తీస్తారు, మీకంటే బాగా తీస్తారు.

2028 దాకా ఆగితే

ఆస్ట్రేలియా విషయంలో నగరం, లోతట్టు ప్రాంతం రెండు వేర్వేరు ప్రయాణాలు. సిడ్నీలో మధ్యాహ్నం రెండింటి ప్రాంతంలో 3 నిమిషాల 45 సెకన్లకు పైగా సంపూర్ణం. పెద్ద నగరం, శనివారం, ప్రజా రవాణా ఉంది, ఏ సామానూ లేకుండా రైలెక్కి వెళ్లి చూడొచ్చు. ఇంత సుఖం ఏ గ్రహణంలోనూ దొరకదు. కానీ అది అక్కడ శీతాకాలం, తీరప్రాంతం, మబ్బు పడితే లక్షల మందితో కలిసి అదే నగరంలో ఇరుక్కుపోతాం. వాయవ్యాన కింబర్లీ ప్రాంతం దీనికి పూర్తి వ్యతిరేకం. జులై అక్కడ పొడి కాలం, ఆకాశానికి ఢోకా ఉండదు, నిడివి గరిష్ఠంగా 5 నిమిషాల 10 సెకన్లు, ఎండ భరించేటట్టు ఉంటుంది. కష్టమల్లా దూరాలు, ఊళ్ల కరువు. డ్రైవింగ్, గుడారాల్లో బస ఇష్టమైనవాళ్లకు కింబర్లీ లక్సర్ కంటే మేలని కూడా అంటాను. న్యూజిలాండ్‌లోని డనీడన్‌లో సాయంత్రం, దిగువ సూర్యుడితో 3 నిమిషాల లోపే. దాని కోసమే అంత దూరం వెళ్లమని చెప్పను.

గణాంకాలు ఎంత బాగున్నా ఆ రోజు ఏమవుతుందో చెప్పలేమన్న సంగతి 2024 ఏప్రిల్ 8న అమెరికాలో సంపూర్ణ గ్రహణం రోజున అందరూ చూశారు. పాత వాతావరణ లెక్కల ప్రకారం టెక్సస్‌కు వెళ్లమన్నారు. ఆ రోజు టెక్సస్‌లో చాలాచోట్ల మబ్బు కమ్మింది, ఎవరూ పెద్దగా ఆశలు పెట్టుకోని వెర్మాంట్, మెయిన్‌లలో ఆకాశం అద్దంలా ఉంది. అందుకే లక్సర్, కింబర్లీ లాంటి చోట్ల తప్ప మిగతా అన్నిచోట్లా చక్రాలున్న బండి, రెండు మూడు ప్రత్యామ్నాయ స్థలాలు చేతిలో ఉండాలి. ఓడ ప్రయాణాల్లో ఆ వెసులుబాటు ఉంటుంది, కెప్టెన్ మబ్బుల సందు వెతుక్కుంటూ ఓడను తిప్పగలడు. కానీ డెక్ ఊగుతుంటే టెలిస్కోప్‌తో ఏమీ చేయలేం, కంటితో చూసేవాళ్లకే ఓడ.

కాబట్టి నా మాట ఇది. జీవితంలో ఒక్కసారే వెళ్లగలిగి, ఎండను తట్టుకోగలిగితే లక్సర్. కుటుంబంతో వెళ్తుంటే, డ్రైవింగ్ వస్తే తరీఫా నుంచి కాడిజ్ వరకు ఉన్న అట్లాంటిక్ తీరం, బస ఆ మధ్యలో ఎక్కడైనా. 2027కి సెలవు దొరకనివాళ్లు సిడ్నీలో దిగి, ముందు రెండు రోజుల అంచనా చూసి, మబ్బు ఉండేటట్టుంటే కొండలు దాటి డబ్బో పట్టణం వైపు లోపలికి వెళ్లిపోయేలా కారు సిద్ధం చేసుకోవాలి. ఎక్కడికి వెళ్లినా గది రద్దు చేసుకునే వీలుండేలా బుక్ చేయండి, ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న కళ్లద్దాలు నమ్మకమైన చోట ముందే కొనుక్కోండి. గ్రహణం అయిన సాయంత్రమే తిరుగు విమానం మాత్రం పెట్టుకోకండి, నీడ దారిలో ఉన్న ప్రతి రోడ్డూ ఆ సాయంత్రం ఒకే దిక్కుకు నిండిపోతుంది.