నాలుగేళ్లుగా ‘పాస్’ వాడుతున్నాం: గడువు దగ్గరే చిక్కంతా

మాది ఒక తెలుగు నిఘంటువు యాప్. ఆరుగురం, ఉద్యోగాలు చేసుకుంటూ ఆదివారాలు దీని మీద కూర్చునేవాళ్లమే. సర్వర్ పాస్‌వర్డ్, డొమైన్ లాగిన్ లాంటివన్నీ ఒకప్పుడు వాట్సాప్‌లో తిరిగేవి. నాలుగేళ్ల కిందట ‘పాస్’కి మారాం. పాస్‌వర్డ్‌లని ఒక్కోటీ ఒక్కో ఫైలుగా, జీపీజీ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్‌తో లాక్ చేసి దాచే ప్రోగ్రామ్ అది; టెర్మినల్‌లో కమాండ్లు టైప్ చేసి వాడతాం. ఆ ఫైళ్లని గిట్‌తో (ప్రతి మార్పు చరిత్రనీ దాచే సాఫ్ట్‌వేర్) అందరం పంచుకుంటాం. ఎలా ఇన్‌స్టాల్ చేయాలో వదిలేస్తున్నా.

మొన్న భోగి రాత్రి సర్వర్ పాస్‌వర్డ్ మార్చాను. కొత్తది పాస్‌లో పెడదామంటే ఎర్రర్. పాతవన్నీ చక్కగా తెరుచుకుంటున్నాయి, ఇదొక్కటే లోపలికి పోనంటోంది. అరగంట తల పట్టుకున్నాక తెలిసింది: మాలో ఒకతను తన జీపీజీ కీకి రెండేళ్ల గడువు పెట్టుకున్నాడు, అది ముందురోజే తీరిపోయింది. అందరూ తెరవగలగాలంటే ప్రతి ఫైలూ ఆరుగురి పబ్లిక్ కీలతోనూ లాక్ అవ్వాలి; తెరిచేది ఎవరి ప్రైవేట్ కీతో వాళ్లు. ఒక్క కీ చెల్లకపోయినా కొత్త ఫైలు పడదు. గడువు పొడిగించాలంటే అతని దగ్గరున్న ప్రైవేట్ కీ కావాలి. ఫోన్ చేశా.

“అన్నా, ల్యాప్‌టాప్ హైదరాబాద్‌లో వదిలేసి ఊరొచ్చేశా. కనుమ అయ్యాకే” అన్నాడు.

కీల జాబితాలోంచి అతన్ని తీసేసి అన్నీ మళ్లీ లాక్ చేయొచ్చు. పండగపూట మనిషిని తీసేసినట్టు గిట్‌లో పడుతుందని మనసొప్పలేదు. చివరికి ఆ పాస్‌వర్డ్‌ని పాల లెక్క పుస్తకం వెనక అట్ట మీద రాసి బీరువాలో పెట్టా. ఇంత ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని!

ఎవరు ఎప్పుడు ఏది మార్చారో గిట్‌లో కనిపించడం నాకు మొదటి నుంచీ నచ్చింది. కాకపోతే నిరుడు ఒకతను మానేసినప్పుడు అతని కీని జాబితాలోంచి తీసేసి, “ఒక్క కమాండ్‌తో అయిపోయింది” అని నేనే గొప్పగా చెప్పా. అతని ల్యాప్‌టాప్‌లో గిట్ పాత కాపీ అలాగే ఉంటుందని, అందులోవన్నీ అతని కీతో తెరుచుకుంటాయని తర్వాత వెలిగింది. గొడవపడి వెళ్లిన మనిషి కాదు, అయినా ఒక్కో సైట్‌కీ వెళ్లి పాస్‌వర్డ్‌లు మార్చుకుంటూ రావడానికి రెండు ఆదివారాలు పట్టింది.

మా ఆరుగురికీ టెర్మినల్ అలవాటే కాబట్టి ఇప్పటికి నడిచిపోతోంది. వచ్చే నెల బొమ్మలు గీసే ఒకావిడ చేరుతోంది, ఆవిడకి జీపీజీ నేర్పించాలా, మేమే వేరేదానికి మారాలా అన్నది తేల్చుకోలేదు. ఈలోగా అందరి కీల గడువులూ నా ఫోన్ క్యాలెండర్‌లోకి ఎక్కించా. అందులో ఒకటి కనుమ మర్నాడు.