బీజీఎంఐ (ఫోన్‌లో ఆడే షూటింగ్ గేమ్) ఐడీలు, అంటే గేమ్ అకౌంట్లు, కొంటున్న తమ్ముళ్లూ, జాగ్రత్త!

గ్లేసియర్ ఎం416 అనే గన్ స్కిన్ (గేమ్‌లో తుపాకీకి వేసే డిజైన్) ఉన్న ఐడీ తక్కువ రేటుకే ఇస్తానని ఎవరైనా మెసేజ్ పెడితే, డబ్బులు కొట్టే ముందు ఇది చదవండి.

మా తమ్ముడు ఇంటర్ సెకండియర్. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్‌కి వెళ్లి సంపాదించిన 6,500 రూపాయలు పెట్టి ఒక ఐడీ కొన్నాడు. అమ్మినవాడు బాగా నమ్మించాడు. ఐడీలో ఏమేం ఉన్నాయో స్క్రీన్ రికార్డింగ్ పంపాడు, పాత కస్టమర్లవంటూ థ్యాంక్స్ మెసేజ్‌లు చూపించాడు, పైగా ఒక మిడిల్‌మ్యాన్‌ని కూడా తెచ్చాడు. ఆ మిడిల్‌మ్యాన్ కూడా వాడి మనిషే. చివర్లో ఇద్దరూ ఒకే నిమిషంలో బ్లాక్ చేశారు.

ఐడీ నిజంగానే ఇచ్చాడు. మావాడు రెండు రోజులు ఆడాడు కూడా. మూడో రోజు రాత్రి మ్యాచ్ మధ్యలో లాగౌట్ అయింది, మళ్లీ లాగిన్ చేస్తే పాస్‌వర్డ్ తప్పంటోంది. ఐడీకి లింకైన ట్విట్టర్ అకౌంట్ పాస్‌వర్డ్ ఇచ్చాడు గానీ, దాని వెనకున్న అసలు మెయిల్ వాడి దగ్గరే ఉంది. ఫర్‌గాట్ పాస్‌వర్డ్ నొక్కితే ఐడీ తిరిగి వాడి చేతికే వెళ్తుంది. నాలుగు రోజులకు అదే ఐడీ, మావాడు మార్చుకున్న పేరుతోనే, మళ్లీ అమ్మకానికి కనిపించింది. గేమ్ వాళ్లకి చెప్పుకుందామంటే, ఐడీలు కొనడం అమ్మడం రూల్స్ ప్రకారం అసలు కుదరదు. అది మా తప్పే.

అమ్మినవాణ్ని వేరే నంబర్ నుంచి నేను అడిగితే, 'గేమ్ అంటేనే ఇంత బ్రో' అన్నాడు. ఈవ్ ఆన్‌లైన్ అని ఐస్‌లాండ్ కంపెనీది ఒక గేమ్ ఉంది. అందులో ఆటలో భాగంగా తోటి ఆటగాళ్లని మోసం చేయడాన్ని చాలావరకు ఒప్పుకుంటారు. కానీ ఆ సంగతి తెలిసే ఆడతారు, పోయేదీ ఆటలోని డబ్బే. ఇక్కడ పోయింది అర్ధరాత్రి దాకా ఎంగిలాకులు ఎత్తిన కూలి.

నన్ను బాగా బాధపెట్టింది ఇంకోటి. "అన్నా, నేనూ ఇలాగే ఎవడికైనా ఓ ఐడీ అమ్మి నా డబ్బులు రాబట్టుకోనా?" అన్నాడు తమ్ముడు. ఇంకో ఇంట్లో ఇలాంటి పిల్లాడే ఉంటాడు కదరా అంటే తల దించుకున్నాడు.

ఇప్పటికే మోసపోయిన వాళ్లుంటే చాట్ డిలీట్ చేయకండి. స్క్రీన్‌షాట్లు, యూపీఐ ట్రాన్సాక్షన్ నంబర్ దగ్గర పెట్టుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మావాడు తిడతామన్న టెన్షన్‌తో మూడు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.