అరికాళ్ళు మొద్దుబారాక ఎంసీఆర్ చెప్పులు: ఏళ్ళ తరబడి వాడి చెబుతున్నా

ఎంసీఆర్ అంటే మైక్రోసెల్యులర్ రబ్బరు, లోపల సన్నటి గాలి బుడగలున్న మెత్తటి రబ్బరు. ఆ చెప్పులు పాదాన్ని కాపాడతాయి. నడకను బాగుచేసేది మాత్రం చెప్పుకు మడమ వెనక ఉండే పట్టీ, చేతికర్ర. షుగర్ వల్ల రెండు పాదాల్లోనూ స్పర్శ తగ్గిన మనిషిగా ఇది నా అభిప్రాయం.

డాక్టరు సన్నటి నైలాన్ పోగును అరికాలికి ఆనించి "తెలుస్తోందా?" అని అడిగితే బొటనవేలి కింద నాకేమీ తెలియలేదు. అప్పుడే ఈ చెప్పులు రాసిచ్చారు. షాపులో షుగర్ చెప్పులు అన్నా ఇవే ఇస్తారు. ఈ మైక్రోసెల్యులర్ రబ్బరును కుష్ఠుతో స్పర్శ పోయినవాళ్ళ కోసం వెల్లూరు వైపు డాక్టర్లు చాలాకాలం క్రితమే వాడారు. మేకులుండవు, జిగురు అతుకులు, కుట్లు మాత్రమే. పైన మెత్తటి రబ్బరు, కింద గట్టి సోల్.

మొదటి జత కొన్నప్పుడు షాపతను బొటనవేలితో నొక్కి చూపించి, "దూదిలా ఉంటుంది సార్" అని రెండు పొరల మెత్త అంటగట్టాడు. వేసుకుని నిలబడితే ఒళ్ళు తూలేది. మనిషి నిలదొక్కుకోవడానికి కళ్ళు, లోపలి చెవి, పాదాలు మెదడుకు కబుర్లు పంపాలి. పాదాల కబురు అసలే తగ్గింది, మిగిలిన కాస్తా ఆ మెత్తలో ఇంకిపోయింది. ఒక పొర, కింద గట్టి సోల్ ఉన్న జత మార్చాక నేల మీద నిలకడ వచ్చింది.

వెనక పట్టీ లేని చెప్పు మాత్రం వద్దే వద్దు. ఓసారి వీధిలో చెప్పు ఊడిపోతే రెండిళ్ళు దాటాక, ఎదురింటావిడ "అన్నయ్యగారూ, చెప్పు!" అని అరిస్తేగానీ తెలియలేదు. పట్టీ ఉంటే చెప్పును వేళ్ళతో బిగబట్టనక్కర్లేదు, అడుగు కాస్త పొడుగ్గా పడుతుంది.

చేతికర్రను మొదట నామోషీ అనుకున్నా గానీ, నేల సంగతి ఇప్పుడు నాకు అరచెయ్యే చెబుతోంది. పిడి మణికట్టు ఎత్తుకు ఉండాలి, కింది రబ్బరు బుష్ అరిగితే వెంటనే మార్చాలి. వంటింటి గట్టు పట్టుకుని మడమలెత్తే వ్యాయామం ఫిజియోథెరపిస్టు నేర్పారు, మానకుండా చేస్తున్నా. వాష్‌బేసిన్ దగ్గర కళ్ళు మూసి మొహం కడుక్కుంటే ఇప్పటికీ తూలుతాను. అందుకే ఒక చెయ్యి బేసిన్ మీదే. రాత్రి బాత్రూం దారిలో లైటు ఆర్పనివ్వను, ఇంట్లోవాళ్ళు కరెంటు బిల్లు గురించి సణిగినా సరే.

చెప్పుల్లో లోపాలూ ఉన్నాయి. మడమ కింద రబ్బరు అణిగి పలకలా అయిపోతుంది, పైకి మాత్రం కొత్తగానే కనిపిస్తుంది. వానకు తడిస్తే అతుకు విడిపోతుంది. వెల్‌క్రోలో దుమ్ము చేరి పట్టు తప్పుతుంది. ధర కూడా మామూలు చెప్పులకు రెట్టింపు పైనే. గుడిలో అసలు పనికిరావు కాబట్టి ఎండాకాలం ప్రదక్షిణలు మానేశా. కాలే రాయి మీద నడిచినా మనకు తెలియదు, బొబ్బ ఇంటికొచ్చాక కనిపిస్తుంది. ఇంట్లో తిరగడానికి విడిగా ఒక జత ఉంచుకున్నా, మడి ఆచారం అన్నవాళ్ళకు డాక్టరు చీటీ చూపించా.

షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు చాలాకాలంగా వాడేవాళ్ళు రక్తంలో విటమిన్ బి12 ఎంతుందో కూడా ఒకసారి పరీక్ష చేయించుకోండి, అది తగ్గినా కాళ్ళు మొద్దుబారతాయి.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బిగుతు మనకు తెలియదు కాబట్టి, కాగితం మీద పాదం గీయించుకుని తీసుకెళ్ళి చెప్పులో పరిచి చూడండి. కాగితం అంచులు మడతపడితే ఆ సైజు వద్దు.