కాశిమేడులో చిన్న పడవలకు దీపాలు అమర్చే దుకాణం: చీకట్లో వేటకు వెళ్లేవారి కోసం

చెన్నై కాశిమేడు చేపల రేవు బయట, వలలు, మోకులు, ఇంజన్ విడిభాగాలు అమ్మే దుకాణాల వరుసలో, బోర్డు కూడా లేని చిన్న దుకాణం ఒకటుంది. పడవలకు దీపాలు, బ్యాటరీలు, స్విచ్చులు అమర్చి ఇవ్వడమే వారి పని. నెల్లూరు తీరం నుంచి వచ్చి తిరువొత్తియూరులో స్థిరపడిన కుటుంబం మాది. 28 అడుగుల మా ఫైబర్ పడవకు, ఈశాన్య రుతుపవనాల కాలం గడిచాక, దీపాల పని మొత్తం అక్కడే చేయించాము. వెన్నెల లేని రాత్రి, తెల్లవారడానికి ఇంకా చాలా పొద్దు ఉండగానే పడవను నీళ్లలోకి దింపేవారికి ఈ పని ఎంత అవసరమో వివరంగా చెప్పదలచుకున్నాను.

ముందుగా మా తీరం సంగతి చెప్పాలి. రాయపురం నుంచి ఎర్నావూరు వైపు వెళ్లే కొద్దీ, సముద్రపు కోతను ఆపడానికి వేసిన రాళ్ల గోడలూ, నీళ్లలోకి చొచ్చుకుపోయిన రాతి గట్లూ కనిపిస్తాయి. అలాంటి రెండు గట్ల మధ్య మిగిలిన ఇసుక మీది నుంచే మేము పడవను దింపుతాము. పడవ ముక్కు కెరటానికి ఎదురుగా నిలబడినంత సేపూ భయం లేదు. కొంచెం పక్కకు తిరిగి, కెరటం పడవ పక్క భాగం మీద పడిందంటే పడవ బోర్లా పడుతుంది, లేదా రాళ్ల మీదికి కొట్టుకుపోతుంది. కెరటాలు గుంపులుగా వస్తాయి కనుక, పెద్దవి కొన్ని విరిగాక దొరికే కాసేపటి నెమ్మదిలోనే పడవను తోసి, తెడ్లతో లోతు నీటికి చేర్చి, అప్పుడు ఇంజన్ ఫ్యాను కిందికి దించాలి. పగలైతే దూరాన లేచే కెరటపు గీతను చూసి లెక్క కట్టవచ్చు. రాత్రి పూట ఆ లెక్క చెవికి వినిపించే విరుపు చప్పుడు మీద, కంటికి లీలగా తెలిసే తెల్లని నురగ మీద ఆధారపడుతుంది. ఆ నురగ కనిపించాలంటే కళ్లు చీకటికి అలవాటు పడి ఉండాలి.

దుకాణం నడిపే పెద్దాయన ఈ విషయాన్ని ఎంత బాగా అర్థం చేసుకున్నారో మొదటి మాటల్లోనే తెలిసింది. మా మామయ్య ఎక్కువ వెలుగునిచ్చే దీపం కావాలని అడిగితే, ఆయన తమిళ యాసతో కూడిన తెలుగులో, "వెలుగు సంగతి తర్వాత చూద్దామన్నా, చుక్కాని పట్టే మనిషి ఎక్కడ నిలబడతాడో ముందు చెప్పండి" అన్నారు. పడవ పొడవు, ఇంజన్ రకం, పడవ నడిపే సరంగు ఎత్తు కూడా అడిగి కాగితం మీద రాసుకున్నాకే సరుకు బయటకు తీశారు.

మన కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మసక వెలుతురులో చూపునిచ్చే కణాలు ఎర్రని కాంతికి అంతగా స్పందించవు కాబట్టి, మందమైన ఎర్ర దీపం కింద తాడు ముడి చూసుకున్నా ఆ అలవాటు చెడదు. తెల్లని టార్చి ఒక్కసారి కళ్ల మీద పడితే మాత్రం మళ్లీ మొదటి నుంచి ఎదురుచూడాల్సిందే. ఒడ్డున నిలబడి సాయం చేస్తున్నామనుకుంటూ సెల్‌ఫోన్ లైటు నీళ్ల మీదికి వేసేవారు ప్రతి రేవులోనూ ఉంటారు. ఆ కాంతి దగ్గరి తుంపరల మీద పడి అక్కడే చెదిరిపోతుంది, దాని అవతల సముద్రమంతా నల్లని గోడలా మారిపోతుంది. ఈ దుకాణం అమర్చిన పని అంతటిలోనూ నాకు నచ్చినది ఇదే: ఎక్కడ వెలుగు ఉండాలో ఎంత ఆలోచించారో, ఎక్కడ ఉండకూడదో అంతకంటే ఎక్కువ ఆలోచించారు.

నలువైపులా కనిపించే తెల్లని దీపాన్ని పడవ వెనుక భాగంలో, తీసి పెట్టుకోగల స్టీలు గొట్టం మీద నిలబెట్టారు. వల లాగేటప్పుడు అడ్డు రాకుండా ఆ గొట్టాన్ని పీకి పక్కన పెట్టుకోవచ్చు. దీపం కింద పళ్లెమంత రేకు ముక్కను గుండ్రంగా కత్తిరించి, మెరుపు లేని నల్లరంగు వేసి బిగించారు. ఆ రేకు వల్ల దీపపు కాంతి దిగంతం వైపు అడ్డు లేకుండా వెళుతుంది కానీ పడవ లోపల, అంచుల మీద, ఇంజన్ మూత మీద పడి సరంగు కళ్లలోకి తిరిగి రాదు. ఇంతకు ముందు మరో చోట కొన్న దీపానికి ఈ ఏర్పాటు లేక, తడిసిన తెల్లని ఫైబర్ అంచు రాత్రంతా మా కళ్ల ముందు మెరుస్తూ ఉండేది. ఆ రేకుకు ఖర్చు పెద్దగా ఉండదు, దాని వల్ల కలిగే సౌకర్యం మాత్రం ఏ ఖరీదైన దీపంతోనూ రాదు.

పడవ ముక్కు మీద ఎడమకు ఎరుపు, కుడికి ఆకుపచ్చ చూపే జంట దీపం పెట్టారు. 1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల ప్రకారం, 12 మీటర్ల కంటే చిన్న ఇంజన్ పడవకు నలువైపులా కనిపించే తెల్లదీపం ఒకటీ, ఈ పక్క దీపాలూ సరిపోతాయి. తెల్లదీపం రెండు నాటికల్ మైళ్ల దూరానికి, పక్క దీపాలు ఒక నాటికల్ మైలు దూరానికి కనిపించాలి, తెల్లదీపం పక్క దీపాల కంటే కనీసం ఒక మీటరు ఎత్తున ఉండాలి. పెద్దాయన టేపు పట్టి ఆ మీటరు కొలిచి మాకు చూపించారు. కాశిమేడు రేవు నోటి దగ్గర ట్రాలర్లు (వలను ఈడ్చుకుంటూ వేటాడే పెద్ద పడవలు), ఎన్నూరు వైపు వెళ్లే ఓడలు తిరిగే నీళ్లలో, మా పడవ ఎటు పోతోందో ఎదుటివారికి ఆ రంగుల వల్లనే తెలుస్తుంది. ఫైబర్ పడవల్లో చాలావాటికి ఒక తెల్లబల్బు తప్ప మరేమీ ఉండదు. దాన్ని చూసిన ఓడవారికి పడవ ముందుకు వస్తోందో, పక్కకు పోతోందో తెలిసే దారి లేదు.

స్విచ్చుల పెట్టె గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. చీకట్లో, ఒక చెయ్యి చుక్కాని మీద ఉండగా, రెండో చేతి వేళ్లతో తడిమి పోల్చుకోగలిగేలా దాన్ని తయారు చేశారు. తెల్లదీపం స్విచ్చు మీద నైలాన్ దారం చుట్టి గరుకుగా చేశారు, పక్క దీపాల స్విచ్చును నున్నగా వదిలేశారు, పడవలో పని చేసుకోవడానికి వెలిగించే దీపపు స్విచ్చుకు మాత్రం చిన్న రబ్బరు తొడుగు వేశారు, పొరపాటున వేలు తగిలినా అది వెలగదు. పెట్టె మూత లోపలి వైపు తీర రక్షక దళం సహాయ నంబరు 1554ను పెద్ద అంకెలతో పెయింటుతో రాసి ఇచ్చారు. తలకు కట్టుకునే లైట్లలో కూడా ఆయన ఒకే రకం అమ్ముతారు: బటన్ నొక్కగానే మొదట ఎరుపే వెలుగుతుంది, తెలుపు కావాలంటే గట్టిగా నొక్కి పట్టుకోవాలి. మార్కెట్లో దొరికే లైట్లలో ఎక్కువ భాగం ఎరుపు దాకా వెళ్లేలోపు రెండు మూడు సార్లు తెల్లగా వెలుగుతాయి, ఆ మధ్యలో ఎదుట ఉన్న కళాసుల చూపు చెడిపోతుంది. ఆయన అమ్మే లైటు ఐపీఎక్స్7 రకానిది, అంటే ఒక మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకునేలా పరీక్షించినది. తుంపరలను మాత్రమే తట్టుకునే ఐపీఎక్స్4 రకం నడుము లోతు నీళ్లలో పడవ తోసేవారికి చాలదు.

వైర్ల పని శుభ్రంగా ఉంది. ఉప్పుగాలికి మామూలు రాగితీగ నెలల్లోనే పచ్చబడి, పొడిపొడిగా తయారవుతుంది కనుక తగరం పూసిన రాగితీగనే వాడారు. ప్రతి అతుకునూ వేడికి బిగుసుకునే గొట్టంతో కప్పారు, ఫ్యూజును బ్యాటరీ పక్కనే పెట్టారు. 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ల సీలు చేసిన బ్యాటరీలో లెక్క ప్రకారం 84 వాట్-అవర్లు ఉంటాయి. అది సీసం బ్యాటరీ కనుక అందులో సగానికి మించి వాడకూడదు, అయినా అన్నీ కలిపి అయిదు వాట్లు తీసుకునే మా దీపాలకు ఒక రాత్రి వేటకు ఆ సగమే సరిపోతుంది.

ఆయన తనంతట తానే చెప్పిన మరో సలహా తిరిగి వచ్చే వేళకు సంబంధించినది. ఒడ్డున, పడవ వచ్చే దారికి సూటిగా, రెండు దీపాలు పెట్టుకోమన్నారు: ముందుది పొట్టి కర్ర మీద, వెనుకది ఎత్తయిన కర్ర మీద. సముద్రంలో నుంచి చూసినప్పుడు రెండూ ఒకదాని మీద ఒకటిగా కనిపిస్తే పడవ గట్ల మధ్య సరైన దారిలో ఉన్నట్లు. కింది దీపం ఏ పక్కకు జరిగినట్లు కనిపిస్తే పడవ ముక్కును ఆ పక్కకే తిప్పాలి, రెండూ మళ్లీ ఒకే వరుసకు వస్తాయి. వెనుక ఊరంతా దీపాలే కాబట్టి వీధిదీపాల్లో ఇవి కలిసిపోకుండా, ముందుది నిదానంగా ఆరి వెలిగేలా చేసి ఇచ్చారు. గట్ల తీరంలో పడవ నడిపే ప్రతివారికీ ఇది ఉండాలని నా గట్టి నమ్మకం.

లోపాలు లేకపోలేదు. తెల్లదీపం గొట్టాన్ని పట్టి ఉంచే బిగింపు స్టీలుది కాక మామూలు ఇనుముది కావడంతో త్వరలోనే తుప్పు పట్టి, గొట్టం ఊడిరావడం కష్టమైంది. అడిగితే మార్చి ఇచ్చారు గానీ ఆ భాగానికి మళ్లీ డబ్బు తీసుకున్నారు. ముక్కు దీపం అద్దం లోపల చెమ్మ చేరినప్పుడు మాత్రం రబ్బరు రింగు ఉచితంగానే మార్చారు. రసీదు మీద గ్యారంటీ సంగతి ఏమీ రాయరు, అంతా నోటిమాటే. వీటన్నిటికంటే పెద్ద లోటు మరొకటి ఉంది. ట్రాలింగు కాక వేరే పద్ధతిలో వేటలో ఉన్న పడవ పైన ఎరుపు, కింద తెలుపు దీపాలు చూపాలి, వల 150 మీటర్లకు మించి చాచి ఉంటే అది ఉన్న వైపు మరో తెల్లదీపం పెట్టాలి. చిన్న పడవకు సరిపడే ఆ జంటను ఈ దుకాణంలో సిద్ధంగా ఉంచరు, ఆర్డరు ఇస్తే తెప్పిస్తారు. రాత్రంతా వల వదిలి ఉండేవారికి అన్నిటికంటే ముందు కావలసినది అదే కనుక దీన్ని చిన్న విషయంగా తీసుకోలేను.

బ్యాటరీ, రెండు తలలైట్లు, ఒడ్డు దీపాలతో కలిపి మాకు 12,000 రూపాయలకు కొంచెం లోపు అయింది. పని ఒక్క రోజులో పూర్తి కాదు. పడవ ఒడ్డున ఉన్నప్పుడే ఆయన వచ్చి కొలతలు తీసుకుంటారు, అందుకు విడిగా డబ్బు అడగరు. పెద్ద మర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి ఆ రెండు నెలలు పెద్ద బోట్ల పని మీద దుకాణం తీరిక లేకుండా ఉంటుంది. చిన్న పడవలవారు అంతకు ముందే, మధ్యాహ్నం పూట, పడవ పొడవు, ఇంజన్ రకం రాసుకుని వెళితే మంచిది. ఎరుపు, తెలుపు దీపాల జంట కావాలని మొదటి రోజే చెప్పి ఆర్డరు రాయించుకోండి.