నానోట్యూబ్‌లు కలిపిన ఎస్‌ఈబీఎస్ దానా: నాలుగేళ్లు వాడిన మాట

చర్లపల్లిలో మాది చిన్న మోల్డింగ్ యూనిట్. ఎలక్ట్రానిక్స్ అసెంబ్లీ వాళ్లకు స్టాటిక్ పట్టని రబ్బరు పిడులు, మూతలు చేసిస్తాం. ఇంతకుముందు కార్బన్ బ్లాక్ (మసి) కలిపిన దానా, అంటే కరిగించి పోసే ప్లాస్టిక్ గుళికలు, వాడేవాళ్లం. కరెంటు పారాలంటే అందులో పదిహేను, ఇరవై శాతం మసి పడాలి. అంత పడ్డాక మెత్తదనం పోతుంది, ముట్టుకుంటే చేతికి నలుపు అంటుతుంది. అందుకే మల్టీవాల్ కార్బన్ నానోట్యూబ్‌లు (కంటికి కనపడనంత సన్నటి కార్బన్ గొట్టాలు) 3 శాతం కలిపిన ఎస్‌ఈబీఎస్ కాంపౌండ్‌కి మారాం. ఎస్‌ఈబీఎస్ అంటే వేడిచేస్తే మెత్తబడే రబ్బరులాంటి ప్లాస్టిక్. కిలో ధర పాతదానికి కొన్ని రెట్లు. అయినా మళ్లీ వెనక్కి పోలేదు. మొదటి ఆరు నెలలు మాత్రం చుక్కలు చూపించింది.

ఎస్‌ఈబీఎస్ గొలుసుకి రెండు చివర్లా పాలీస్టైరీన్, నడుమ మెత్తటి రబ్బరు ఉంటాయి. రెంటికీ పడదు, అలాగని విడిపోనూ లేవు. స్టైరీన్ చివరలు నానోమీటర్ల సైజు ముద్దలుగా చేరి రబ్బరును ముడేస్తాయి. 100 డిగ్రీల దగ్గర ఆ ముద్దలు మెత్తబడతాయి గానీ రబ్బరులో కలిసిపోవు. అందుకే ఉత్త ఎస్‌ఈబీఎస్ 200 డిగ్రీల్లో కూడా గట్టి పెరుగులా కూర్చుంటుంది, గట్టిగా తోస్తేనే కదులుతుంది. పారఫిన్ నూనె, పాలీప్రొపిలీన్ కలిపి అమ్మేది ఇందుకే. ఈ స్టైరీన్ ముడులు ఒక పంజరమైతే, నానోట్యూబ్‌ల అల్లిక దానికి తోడైన రెండో పంజరం.

మాకు దానా అమ్మినవాళ్లు (పేరు వద్దులెండి) డేటా షీట్‌లో మెల్ట్ ఫ్లో ఇండెక్స్ (కరిగాక ఎంత తేలిగ్గా పారుతుందో చెప్పే అంకె) ఒక్కటే ఇచ్చారు. అది పాత దానా కంటే కాస్తే తక్కువ. నమ్మి పాత సెట్టింగులతోనే కొట్టాం. పీసులు నిగనిగలాడుతూ నిండుగా వచ్చాయి. మల్టీమీటర్ పెడితే గేటు (కరిగిన దానా మోల్డ్‌లోకి దిగే రంధ్రం) దగ్గర ఒక రీడింగు, చివర ఇంకోటి, కొన్నింట్లో అసలు పలకనే లేదు. లాటంతా వెనక్కొచ్చింది. ఆ రాత్రి టెన్షన్ చెప్పేది కాదు.

ట్యూబులు ఒకదాన్నొకటి తాకుతుంటేనే కరెంటు పారుతుంది. వేగంగా తోసినప్పుడు అవి ప్రవాహం వెంట వరుసకట్టి ఒకదాన్నొకటి వదిలేస్తాయి. అవి మళ్లీ చేతులు కలిపేలోపే మోల్డ్ గోడ దగ్గర పొర గడ్డకట్టేస్తుంది. ఇంజెక్షన్ వేగం సగానికి తగ్గించి, మెల్ట్ వేడి 20 డిగ్రీలు పెంచి, మోల్డ్‌ని కూడా కాస్త వెచ్చగా ఉంచితే దారికొచ్చింది. సైకిల్ టైమ్ పెరిగింది, తప్పదు. చెడిపోయిన పీసుల్ని ఓవెన్‌లో 120 డిగ్రీల్లో గంటసేపు పెట్టి చూశాం. కరెంటు కొంతవరకు తిరిగొచ్చింది గానీ పీసు వేయించిన అప్పడంలా వంకరపోయింది.

తర్వాత ఒక కాలేజీ ల్యాబ్‌లో స్నేహితుడి దగ్గర రియోమీటర్ (కరిగిన పదార్థాన్ని ఊపి దాని బిగువు కొలిచే యంత్రం) మీద పెట్టించాను. మామూలు ప్లాస్టిక్ అయితే, మెల్లగా ఊపినప్పుడు కూడా బిగువు తగ్గకుండా నిలిస్తే అది ట్యూబుల అల్లికేనని తేల్చేయొచ్చు. ఇక్కడ ట్యూబులు లేని ఎస్‌ఈబీఎస్ కూడా అలాగే నిలుస్తుంది, స్టైరీన్ ముద్దల పుణ్యమా అని. ఏ పంజరం వాటా ఎంతో ఒక్క గ్రాఫ్ గీత చూసి చెప్పలేం. ట్యూబులు లేని అదే కాంపౌండ్‌ని పక్కన పెట్టి కొలవాల్సిందే. ఆ నమూనా పంపమని అడిగితే అమ్మినవాళ్లు మూడు నెలలు తిప్పించుకున్నారు.

మెచ్చుకోవాల్సిందీ ఉంది. నాజిల్ కారదు. తోపు పెరిగేకొద్దీ బాగా పలచబడుతుంది కాబట్టి సన్నటి గోడలు కూడా నిండుతాయి. కానీ భోజనానికి మెషిన్ ఆపి వస్తే బ్యారెల్‌లో అల్లిక మళ్లీ బిగుసుకుంటుంది. మొదటి ఐదారు షాట్లకు ప్రెషర్ ఎగిరిపడుతుంది, వాటిని పారేయాల్సిందే. రంగు మార్చాలంటే బ్యారెల్ కడగడానికే సగం షిఫ్టు పోతుంది.

ఇప్పుడు ఏ కొత్త లాటొచ్చినా ముందు పది పీసులు కొట్టి, గేటు దగ్గరా చివరా మీటర్ పెడతాం. తేడా పది రెట్లు దాటితే బస్తా మూతి కట్టి వెనక్కి పంపేస్తాం.